చుక్కల్ని కొలిచినోళ్ల పేర్లేవి?

(మన చదువుల చరిత్ర – 9)



పోయిన ఆదివారం రాత్రి నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. బీఎస్సీ ఎంపీసీఎస్ మా కాలేజీలోనే చదివింది. వాళ్లింట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో డేటా అనొటేషన్ చేస్తోంది. ఉపగ్రహం తీసిన ఫొటోలు స్క్రీన్ మీదికి వస్తాయి. పొలం గట్టు ఎక్కడ, ఇల్లు ఎక్కడ, చెరువు అంచు ఎక్కడ అని మౌస్‌తో గీత గీయాలి. రోజుకు ఇన్ని ఫొటోలని టార్గెట్. వాళ్లు గీసిన గీతలు చూసే కంప్యూటర్ పొలాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది.

"మేడం, మా టీమ్ లీడ్ ఏమన్నడో తెలుసా? మీది రీసెర్చ్ కాదు, కూలి పని, పదో తరగతోళ్లతోని కూడా చేయించుకోవచ్చు అన్నడు. నిజమేనా మేడం?"

అసలు సంగతి అది కాదని కాసేపటికి తెలిసింది. సీపీగెట్ రాసింది. ఎమ్మెస్సీ సీటొచ్చింది. శుక్రవారంలోపు చేరాలి. నెల జీతం ఆగిపోతే ఇల్లెట్ల నడుస్తదని నాన్న అంటున్నాడు. 'ఎట్లాగూ నాది కూలి పనే అయితే, దీని మీద ఇంకో రెండేళ్లు చదువెందుకు' అని ఈమె అనుకుంటోంది.

నేను తెలుగు చెప్పేదాన్ని. సైన్స్ నా సబ్జెక్టు కాదు. కానీ 'పని ఎవరిది, పేరెవరిది' అన్న ప్రశ్న నా సబ్జెక్టే. రెండు రోజులు టైమివ్వమన్నాను. ఇది ఆమెకు నేనిస్తున్న జవాబు. ఆమెను అడిగే ఇక్కడ పెడుతున్నాను. తన పేరు మాత్రం రాయొద్దంది.

ముందు మా తాత గురించి ఒక్క మాట. ఆయన వెట్టి చేసినవాడు. పట్వారీ ఊరి భూములు కొలిచినప్పుడు ఇనుప గొలుసు లాగింది ఆయనే. ముళ్లకంపల్లో, బురదలో ఒక కొస పట్టుకుని నడిచేది. పట్వారీ గట్టు మీద నిలబడి, అంకె విని, కాగితం మీద రాసుకునేవాడు. ఆ కాగితం పహాణీ అయింది, పట్టా అయింది, కోర్టులో సాక్ష్యం అయింది. ఏ చెలక ఎన్ని గొలుసులో మా తాతకు నోటికొచ్చు. ఆయన పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఆయన పేరున గుంట భూమి కూడా లేదు.

ఇప్పుడు సైన్స్‌కి వద్దాం. అక్కడ కూడా గొలుసు లాగినవాళ్లున్నారు.

అమెరికాలో హార్వర్డ్ అబ్జర్వేటరీ. 1877లో ఎడ్వర్డ్ పికరింగ్ దానికి డైరెక్టర్ అయ్యాడు. అప్పటిదాకా ఆకాశాన్ని చూడడమంటే టెలిస్కోప్‌కి కన్ను ఆనించి చూడడం. ఫొటో వచ్చాక ఆ పని మారిపోయింది. రసాయనం పూసిన గాజు పలకను టెలిస్కోప్ వెనక పెట్టి చాలాసేపు ఉంచితే, కంటికి కనబడని చుక్కలు కూడా దాని మీద పడతాయి. ముందు ఒక పట్టకం అమర్చితే ఒక్కో చుక్క వెలుగూ సన్నని పట్టీలా విడిపోతుంది. ఆ పట్టీలో అక్కడక్కడా గీతలుంటాయి. దాన్ని వర్ణపటం అంటారు. రాత్రి తీసిన ఆకాశాన్ని పగలు బల్ల మీద పెట్టుకుని భూతద్దంతో చదవొచ్చు. పలకలు వందలు దాటి, వేలు దాటి, చివరికి ఐదు లక్షలకు చేరాయి.

వాటిని చదివేదెవరు? పికరింగ్ ఆ పనికి ఆడవాళ్లను పెట్టుకున్నాడు. వాళ్లను 'కంప్యూటర్లు' అనేవాళ్లు. అవును, ఆ మాట అప్పుడు మనుషులకు పెట్టిన పేరు. జీతం గంటకు పాతిక సెంట్ల నుంచి మొదలు. మగవాళ్ల జీతాల కంటే చాలా తక్కువ. బయటివాళ్లు ఆ గదిని పికరింగ్ గారి అంతఃపురమని ఎగతాళి చేసేవాళ్లు. రాత్రి టెలిస్కోప్ దగ్గర నిలబడే పని మగవాళ్లది. పగలు లెక్కపెట్టే పని ఆడవాళ్లది.

ఆ గదిలో మొదటి ముఖ్యమైన మనిషి విలియమీనా ఫ్లెమింగ్. స్కాట్లాండ్ నుంచి వచ్చింది. కడుపుతో ఉండగా భర్త వదిలేసి పోయాడు. బతుకుదెరువు కోసం పికరింగ్ ఇంట్లోనే పనిమనిషిగా చేరింది. 1881లో అబ్జర్వేటరీలో ఆమెకు ఉద్యోగం దొరికింది. వర్ణపటాల్లోని గీతల్ని బట్టి నక్షత్రాలను తరగతులుగా విడదీసే పద్ధతి తయారుచేసింది. 1890లో పదివేలకు పైగా నక్షత్రాల పట్టిక అచ్చయింది. పని ఎక్కువ భాగం ఆమెదే. కర్త పేరు పికరింగ్. 1888లో తీసిన ఒక పలక మీద గుర్రం తల ఆకారంలో ఉన్న నల్లటి మేఘాన్ని ఆమె పట్టుకుంది. ఇవాళ అది హార్స్‌హెడ్ నెబ్యులాగా స్కూలు పిల్లలకు కూడా తెలుసు. తర్వాత వచ్చిన పెద్ద పట్టికలో ఆ గుర్తింపు కూడా పికరింగ్‌కే పోయింది.

పికరింగ్ దుర్మార్గుడని నేను చెప్పడం లేదు. ఆడవాళ్లకు తలుపు తెరిచినవాడు కూడా ఆయనే. 1899లో ఫ్లెమింగ్‌కి ఆ పలకల సంరక్షకురాలిగా అధికారిక హోదా వచ్చింది. హార్వర్డ్‌లో అట్లాంటి హోదా పొందిన మొదటి స్త్రీ ఆమే. అయినా 1900లో ఆమె తన డైరీలో జీతం గురించి బాధపడింది. ఆమెకు ఏడాదికి 1,500 డాలర్లు, తోటి మగ అసిస్టెంట్లకు 2,500. అడిగితే, ఆడవాళ్ల జీతాల్లో నీది మంచి జీతమే కదా అని జవాబు. ఈ జవాబు మనకు కొత్తదా? 'మీవాళ్లలో నువ్వు బాగానే పైకొచ్చినవ్ కదా' అనే మాట మనలో ఎంతమంది వినలేదు?

రెండో మనిషి హెన్రియెట్టా లీవిట్. చెవులు సరిగా వినబడవు. ఆమె పని మిణుకుమిణుకుమనే నక్షత్రాలను వెతకడం. ఒక రాత్రి తీసిన పలక నెగెటివ్ మీద ఇంకో రాత్రి తీసిన పలక పాజిటివ్‌ని పెట్టి చూస్తుంది. రెండూ సరిపోతే ఆ నక్షత్రం మారలేదు. చుక్క చుట్టూ అంచు మిగిలితే మారింది. ఇట్లా రెండువేలకు పైగా నక్షత్రాలను పట్టుకుంది. చిన్న మాగెలానిక్ మేఘంలో 25 నక్షత్రాలను విడిగా తీసుకుని, ఒక్కోటి ఎన్ని రోజులకోసారి మెరుస్తుందో లెక్కకట్టింది. ఎక్కువ రోజులు తీసుకునేది ఎక్కువ కాంతి గలదని తేలింది. అవన్నీ ఒకే మేఘంలో ఉన్నాయి కాబట్టి మన నుంచి ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నట్టే. కాబట్టి వెలుగులో తేడా దూరం వల్ల వచ్చింది కాదు, నిజమైన తేడానే.

ఈ ఒక్క సూత్రం ఆకాశానికి గొలుసైంది. మెరిసే కాలం కొలిస్తే అసలు కాంతి ఎంతో తెలుస్తుంది. అసలు కాంతిని కనబడే కాంతితో పోలిస్తే దూరం తెలుస్తుంది. ఈ గొలుసుతోనే ఎడ్విన్ హబుల్ 1920లలో ఆండ్రోమెడా మన పాలపుంతలో భాగం కాదనీ, అదొక వేరే గెలాక్సీ అనీ తేల్చాడు. ఇవాళ అంతరిక్షంలో తిరిగే టెలిస్కోప్‌కి హబుల్ పేరుంది. లీవిట్ సూత్రం 1912లో వచ్చిన సర్క్యులర్ కింద సంతకం పికరింగ్‌ది. దీన్ని మిస్ లీవిట్ తయారుచేసిందని మొదట్లో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం ఉండబట్టే ఇవాళ మనం ఆమె పేరు చెప్పగలుగుతున్నాం. 1925లో ఒక స్వీడన్ గణితవేత్త ఆమె పేరును నోబెల్‌కి పంపుదామని ఉత్తరం రాశాడు. ఆమె చనిపోయి అప్పటికి మూడేళ్లు దాటింది.

మూడో మనిషి యానీ జంప్ కానన్. ఫ్లెమింగ్ పద్ధతిని సరిదిద్ది ఓ, బి, ఏ, ఎఫ్, జి, కె, ఎమ్ అనే వరుసలో పెట్టింది. రెండు లక్షల పాతిక వేల నక్షత్రాలను ఆ వరుసలో చేర్చిన పట్టిక 1918 నుంచి 1924 దాకా అచ్చయింది. ఒక్కో నక్షత్రాన్నీ ఆమె కళ్లతో చూసి రాసింది.

ఇక్కడిదాకా చదివి, ఇవి అమెరికా తెల్ల ఆడవాళ్ల ముచ్చట్లు, మనకేం సంబంధం అనుకోకండి. కథ ఇక్కడే మన దేశానికి మళ్లుతుంది.

వరుస తయారైంది సరే, ఆ వరుసకు అర్థమేమిటి? ఒక నక్షత్రంలో కాల్షియం గీతలు బలంగా ఉంటాయి, ఇంకోదాంట్లో కనబడవు. అంటే రెండో నక్షత్రంలో కాల్షియం లేనట్టా? జవాబు చెప్పింది మేఘనాద్ సాహా. 1893లో ఢాకా దగ్గర శేవరాతలి అనే పల్లెలో పుట్టాడు. తండ్రిది చిన్న కిరాణా కొట్టు. అప్పటి బెంగాల్ కులమెట్ల మీద కింద నిలబెట్టిన కులం. కలకత్తాలో హాస్టల్లో తోటి విద్యార్థులు పంక్తిలో కూర్చోనివ్వలేదు. సరస్వతీ పూజ దగ్గరికి రానివ్వలేదు. చదువుల తల్లి దగ్గర కూడా అంటే!

ఆ మనిషి 1920-21లో తన అయనీకరణ సూత్రంతో హార్వర్డ్ వరుసను విప్పి చూపించాడు. వేడి పెరిగే కొద్దీ అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. ఏ వేడి దగ్గర, ఎంత ఒత్తిడిలో, ఎంత భాగం ఊడిపోతుందో ఆయన సమీకరణం చెబుతుంది. ఎలక్ట్రాన్ ఊడితే గీతలు మారిపోతాయి. అంటే గీత కనబడనంత మాత్రాన ఆ మూలకం లేదని కాదు. హార్వర్డ్ ఆడవాళ్లు పేర్చిన ఆ వరుస అసలు వేడి వరుస అని తేలింది.

ఆ తర్వాత సిసీలియా పేన్ అనే ఇరవై మూడేళ్ల అమ్మాయి ఇంగ్లండ్‌లో ఆడవాళ్లకు టీచర్ ఉద్యోగం తప్ప దారి లేదని హార్వర్డ్‌కి వచ్చింది. కానన్‌వాళ్ల పలకలను ముందు పెట్టుకుని, సాహా సమీకరణాన్ని చేతబట్టుకుని లెక్క వేసింది. 1925లో థీసిస్. నక్షత్రాలు చాలావరకు హైడ్రోజన్, హీలియంతోనే తయారయ్యాయని తేలింది. హెన్రీ నోరిస్ రస్సెల్ అనే పెద్ద శాస్త్రవేత్త అది కుదరదన్నాడు. ఆమె తన ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని తన థీసిస్‌లోనే రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత అదే రస్సెల్ వేరే దారిలో వెళ్లి ఆమె చెప్పిందే నిజమన్నాడు.

ఒకసారి లెక్క చూడండి. అంట్లు తోమిన ఆమె గీతల్ని చదివింది. పంక్తిలోకి రానివ్వని కులంవాడు ఆ గీతలకు అర్థం చెప్పాడు. దేశం వదిలొచ్చిన అమ్మాయి ఆ రెండింటినీ కలిపింది. సూర్యుడు దేనితో తయారయ్యాడో మనిషికి తెలిసింది ఇట్లా. మెరిట్ గురించి మనకు పాఠాలు చెప్పేవాళ్లు ఈ ఒక్క పాఠం చదివితే చాలు.

ఇప్పుడు మన హైదరాబాద్.

1887లో పారిస్‌లో ఒక సమావేశం జరిగింది. మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి పటం గీయాలని నిర్ణయించారు. ఆకాశాన్ని అడ్డంగా పట్టీలుగా కోసి, ప్రపంచంలోని దాదాపు ఇరవై అబ్జర్వేటరీలకు పంచారు. భూమిని పంచినట్టే. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండ దగ్గర సొంత అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ చేతికి వచ్చింది. ఇవాళ ఆ కట్టడం బేగంపేటలో సెస్ ప్రాంగణంలో ఉంది. చిలీలోని సాంటియాగో వదిలేసిన దక్షిణాకాశపు పట్టీ హైదరాబాద్‌కి వచ్చింది. అది అయ్యాక జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరాకాశపు పట్టీ కూడా మనవాళ్లే పూర్తిచేశారు. మొత్తం ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు.

కొలవడమంటే ఏమిటి? పలక మీద ఐదు మిల్లీమీటర్లకొకటి చొప్పున గళ్లు ముద్రించి ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద ఒక్కో చుక్కా గడి అంచు నుంచి ఇటెంత, అటెంత అని చూసి అంకె రాయాలి. తర్వాత చుక్క, ఆ తర్వాత ఇంకో చుక్క. ఏళ్ల తరబడి ఇదే. మెడలు పట్టేసే పని. చరిత్ర పుస్తకాల్లో మనకు ఎదురయ్యే పేర్లు చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్. వీళ్లంతా డైరెక్టర్లు. పలకల మీద వంగి కూర్చున్న సహాయకులను తలుచుకునేవాళ్లు లేరు. 'నక్షత్రాలు కొలవబడినవి' అంటాం. కర్మణి ప్రయోగమని మా క్లాసులో చెప్పేది ఇదే. వాక్యంలో పని ఉంటుంది, ఫలం ఉంటుంది, కర్త మాయమైపోతాడు. తెలుగులో మనం సహజంగా ఇట్లా మాట్లాడం. ఆఫీసు కాగితాలే ఇట్లా మాట్లాడతాయి.

ఇదే ప్రాజెక్టులో వాటికన్‌కి కూడా ఒక పట్టీ వచ్చింది. అక్కడ 1910 నుంచి 1921 దాకా నలుగురు సన్యాసినులు 4,81,215 నక్షత్రాలను కొలిచారు. దాదాపు వందేళ్లపాటు వాళ్లు ఫొటోలో ఉన్న పేరులేని నలుగురు నన్స్ మాత్రమే. పాత కాగితాలు సర్దుతుంటే పేర్లు దొరికాయని 2016లో లోకానికి తెలిసింది. ఎమీలియా పొంజోని, రెజీనా కొలంబో, కాన్చెట్టా ఫినార్డి, లుయీజియా పాంచెరి. పలకడం కష్టమైనా ఒకసారి పైకి చదవండి.

ఆ పటం అయిపోయేసరికి పాతబడిందని చాలామంది పెదవి విరిచారు. కానీ చూడండి, యూరప్‌వాళ్లు 1989లో హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపి నక్షత్రాల స్థానాలను మళ్లీ కొలిచారు. నక్షత్రం ఎటు కదులుతోందో తెలియాలంటే ఇవాళ్టి స్థానం ఒక్కటే చాలదు. వందేళ్ల కిందటి స్థానం కూడా కావాలి. అది ఈ గాజు పలకల అంకెల్లో ఉంది. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో పాతిక లక్షల నక్షత్రాల కదలికలు ఉన్నాయి. వాటి లెక్కకు ఈ పాత కొలతలే ఆధారం. అందులో మన బేగంపేట అంకెలున్నాయి. టెలిస్కోపులు తుప్పు పట్టినా కొలత బతికింది.

అమ్మా, ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను.

నువ్వు చేసే పని రీసెర్చ్ కాదా? ఫ్లెమింగ్ చేసిందీ, లీవిట్ చేసిందీ, వాటికన్ సన్యాసినులు చేసిందీ నువ్వు చేస్తున్నదే. ఫొటో చూసి, అంచు గుర్తుపట్టి, రాయడం. సైన్స్‌లో ఫొటో దానంతటది ఏమీ చెప్పదు. 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసిన బ్లాక్ హోల్ ఫొటో గుర్తుందా? దాన్ని ఎవరూ క్లిక్‌మని తీయలేదు. ఎన్నో చోట్ల ఉన్న రేడియో టెలిస్కోపుల డేటాను హార్డ్ డిస్కుల్లో మోసుకొచ్చి, నాలుగు బృందాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా బొమ్మ కట్టి, నాలుగూ పోలి ఉన్నాయా అని చూసుకున్నాయి. మన కోరికే బొమ్మలో కనబడుతుందేమోనని అంత భయం! రెండొందల మందికి పైగా పేర్లున్న పని అది.

అయితే నీ టీమ్ లీడ్ మాటలో ఒక నిజముంది. దాన్ని దాచి నిన్ను ఓదార్చను. లీవిట్‌కి, టార్గెట్ పూర్తిచేసి ఇంటికి పోయే మనిషికి మధ్య తేడా కళ్లలో లేదు, వేళ్లలో లేదు. లీవిట్ ఆ అంకెల్ని తన ముందు పెట్టుకుని 'ఎందుకిట్లా ఉంది' అని అడగగలిగింది. అడిగేందుకు ఆమెకు చదువుంది, పలకలు అందుబాటులో ఉన్నాయి. నీ గీతలు మాత్రం సాయంత్రానికి నీ స్క్రీన్ నుంచి వెళ్లిపోతాయి. అవి ఎవరికి పోతాయో, ఏం తేల్చాయో నీకు తెలియదు. కూలి అంటే ఇదే. పని చిన్నదవడం వల్ల కూలి కాదు, పని ఫలం నీ కళ్లబడకుండా పోవడం వల్ల కూలి. మా తాతకు జరిగిందీ ఇదే.

అందుకే చేరమంటున్నాను. నీ పనిని వదిలిపెట్టి కాదు, దాన్ని వెంటబెట్టుకుని. అంచు ఎక్కడ మసకేస్తుందో, చెరువునీ తడి పొలాన్నీ ఎక్కడ పొరబడతామో రెండేళ్లుగా చూస్తున్న కన్ను నీది. క్లాసులో నీ పక్కన కూర్చునేవాళ్లకు అది ఉండదు. నువ్వు నేర్చుకోవాల్సింది స్టాటిస్టిక్స్, పైథాన్, రిమోట్ సెన్సింగ్. ఉపగ్రహ చిత్రాలు దిగే షాద్‌నగర్ మనకు దూరం కాదు. ఎన్‌ఆర్‌ఎస్‌సీ బాలానగర్‌లోనే ఉంది. ఇస్రోవాళ్ల 'భువన్' ఫోన్‌లోనే తెరిచి చూడొచ్చు. ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. డెహ్రాడూన్ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ కోర్సులు ఉచితంగా పెడుతుంది. 2019లో విక్రమ్ ల్యాండర్ శకలాన్ని నాసా చిత్రాల్లో మొదట గుర్తుపట్టింది చెన్నై ఇంజనీర్ షణ్ముగ సుబ్రమణియన్. ఏ అబ్జర్వేటరీలోనూ ఉద్యోగి కాదు. కంప్యూటర్ ముందు కూర్చుని పాత చిత్రాన్నీ కొత్త చిత్రాన్నీ పోల్చాడు. లీవిట్ పద్ధతే. నాసా ఆయన పేరు చెప్పింది.

డబ్బు సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అప్లై చేయి. ఎమ్మెస్సీ తర్వాత నెట్ రాస్తే ఎస్సీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ ఉంది. అవి ఆలస్యంగా వస్తాయి, ఒక్కోసారి ఆపేస్తారు కూడా. ఫెలోషిప్ ఆగిపోతే ఏమవుతుందో మన హైదరాబాద్‌లోనే చూశాం. కార్ల్ సేగన్‌లా సైన్స్ రాయాలనుకున్న రోహిత్ వేములను 2016 జనవరి 17న పోగొట్టుకున్నాం. అందుకే ఒంటరిగా పోకు. చేరిన రోజే మన స్టూడెంట్స్ అసోసియేషన్‌ని కలువు. నాన్నతో నేను మాట్లాడతాను. సాయంత్రాలు కొన్ని గంటలైనా ఆ పనే ఇంటి నుంచి చేసుకునే వీలుందేమో కంపెనీని అడుగు.

ఒక్కటి మాత్రం మొదటి రోజు నుంచి పాటించు. ఏ ప్రాజెక్టులో ఏ ఫొటోలు చదివావో, ఏ తేదీన, ఏ పద్ధతిలో చదివావో నీ నోట్‌బుక్‌లో రాసుకో. పేపర్ రాసేటప్పుడు నా పేరెక్కడ అని అడుగు. ఇప్పుడు చాలా జర్నల్స్ ఎవరేం చేశారో విడివిడిగా చెప్పమంటున్నాయి. క్రెడిట్ అనే పద్ధతిలో 14 రకాల పనులున్నాయి. డేటాను సరిచేసి భద్రపరచడం అందులో ఒకటి, విశ్లేషణ ఇంకొకటి. అడగడం గర్వం కాదు. ఫ్లెమింగ్ జీతం అడిగింది. లీవిట్ పేరు ఒక్క వాక్యం వల్ల మిగిలింది. ఆ ఒక్క వాక్యం కూడా లేనివాళ్లు ఎందరో!

ఈ అమ్మాయి ఏం నిర్ణయించుకుందో శుక్రవారం సాయంత్రం కామెంట్లలో రాస్తాను. ఈలోగా సైన్స్ చదివే మన పిల్లలు, ఇమేజ్ ప్రాసెసింగ్, జీఐఎస్, బయోఇన్ఫర్మాటిక్స్‌లో ఉన్న అన్నలూ అక్కలూ ఆమెకు ఒక్కో సలహా రాయండి. ఏ పుస్తకంతో మొదలుపెట్టారో, ఎక్కడ దెబ్బతిన్నారో రాయండి. మీ ఇళ్లలో గొలుసు లాగిన తాతలుంటే వాళ్ల పేర్లు కూడా రాయండి.

మా తాత పేరు ఎల్లయ్య.

వచ్చే భాగంలో సావిత్రిబాయి ఫూలే, ఫాతిమా షేక్‌ల బడి గురించి.

జై భీమ్.